బొట్టు పెట్టి ఇచ్చిన బాయిలర్ సూట్లు

ఇన్‌కమ్‌ట్యాక్స్ ఆఫీసరు నా లెక్కల పుస్తకాన్ని నా వైపు తిప్పి, ఒక పద్దు మీద వేలు పెట్టాడు. "ఇది కాస్త చదవండమ్మా," అన్నాడు.

చదివాను. నా చేతిరాతే. 'పదిహేను మందికి బట్టలు పెట్టాం.'

"ఎవరింట్లో పెళ్ళి?" అని అడిగాడు.

పక్కన కూర్చున్న మా ఆడిటరు గొంతు సవరించుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళేమిటి, నా మొహం! ఓడల్లో పనిచేసే మనుషులకి నేను దగ్గరుండి కుట్టించిన పని బట్టలవి. ఆ మాటే అన్నాను, కాస్త గట్టిగానే అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "పని బట్టలైతే 'ఇచ్చాం' అని రాస్తారు. 'పెట్టాం' అని ఎందుకు రాశారు?" అన్నాడు. పెట్టాను కాబట్టి పెట్టాం అని రాశాను.

తొంభైల నడిమి మాట ఇది. ఓడ బొగ్గు దించేశాక, సరుకు నింపే ఆ పెద్ద పెద్ద అరల్ని, హోల్డులంటారు వాటిని, ఊడ్చి కడిగితే గానీ ఇంకో సరుకు ఎక్కించరు. ఆ కడిగే పని కాంట్రాక్టు మా ఆయన చేసేవాడు. ఒకరోజు హోల్డులోకి దిగుతుంటే లుంగీ అంచు ఇనప నిచ్చెన మెట్టుకి తగులుకుంది. కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుం దక్కలేదు. అప్పట్నుంచి ఆయన మంచం మీద, కాంట్రాక్టు నా పేరు మీద. ఓడ మీద పని మేస్త్రి చూసుకునేవాడు. ఓడల ఏజెంటు కంపెనీల చుట్టూ తిరగడం, జీతాలివ్వడం, లెక్క రాయడం నా వంతు. నేను ఓడ ఎక్కింది లేదు, పోర్టు గేటు దాటింది లేదు.

కాంట్రాక్టు నా చేతికొచ్చాక చేసిన మొదటి పని బాయిలర్ సూట్లు కుట్టించడం. చొక్కా, పాంటు కలిపి మెడ నుంచి మడమ దాకా ఒకటే బట్ట. ఎక్కడా వేలాడే అంచు ఉండదు. గాజువాకలో ఒక దర్జీని పట్టుకుని, ముతక ఖాకీ బట్ట కొనిచ్చి, పదిహేను కుట్టించాను. ఇంకే ఇంట్లోనూ మనిషి మంచాన పడకూడదు. నాకున్న ఆలోచన అదొక్కటే.

తీరా ఇచ్చే రోజొచ్చేసరికి చేతులు ఊరుకోలేదు. కొత్తబట్టలు ఊరికే ఎలా చేతిలో పడేస్తాం? అంచులకి పసుపు రాశాను. మనుషుల్ని మా వరండాలో వరసగా కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, ఆకూ వక్కా అరటిపళ్ళతో కలిపి ఒక్కొక్కరి చేతిలో పెట్టాను. మేస్త్రి క్రైస్తవుడు, బొట్టు పెట్టించుకోడు. ఆయనకి పళ్ళు మాత్రం పెట్టాను. లోపల మంచం మీంచి మా ఆయన, "ఏటే, సారె పంపుతన్నావా?" అని నవ్వాడు. ఆ సాయంత్రం పుస్తకంలో ఆ మాట రాసుకున్నాను.

ఇప్పుడా మాటే నా మెడకి చుట్టుకుంది. దర్జీ ఇచ్చిన చీటీ మీద కూడా 'పదిహేను జతల కుట్టుకూలి' అని తప్ప ఇంకేం లేదు. సబ్బులు, చేతి తొడుగులు, చీపుళ్ళు, మనుషుల్ని తెచ్చే వ్యాను కిరాయి, అన్నీ ఆఫీసరు ఒప్పుకున్నాడు. ఇది మాత్రం ఒప్పుకోలేదు. పనికోసం వాడే బట్టలైతే వ్యాపారం ఖర్చు, ఇంట్లో శుభకార్యానికి పెట్టినవైతే సొంత ఖర్చు అన్నాడు. సొంత ఖర్చుని కావాలనే వ్యాపారంలో చూపించానని తేలితే జరిమానా. ఇది తేలేదాకా, పన్ను బాకీ లేదని ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్ ఇవ్వరు. అది లేకుండా వచ్చే ఏడాది టెండరు వెయ్యడానికి లేదు. టెండరుకి గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. టెండరు పోతే నా ఇల్లూ, ఆ పదిహేను ఇళ్ళూ ఒకేసారి పస్తులుంటాయి.

"అబద్ధమైతే మీరే వచ్చి చూసుకోండి," అన్నాను. "నాలుగింటికి మా వాళ్ళు షిఫ్టు దిగి గేటు బయటికొస్తారు. ఒంటి మీద ఏ బట్టలున్నాయో మీ కళ్ళతోనే చూడండి."

ఆడిటరు నా వైపు కంగారుగా చూశాడు. ఆఫీసరు గడియారం చూసి లేచాడు. "పదండి. నేనే వస్తాను."

జీపులో వెనక కూర్చుని దారి పొడుగునా నాలో నేను గొణుక్కుంటూనే ఉన్నాను. ఎవరింట్లో పెళ్ళని అడిగావుగా, చూద్దువుగాని పద. ఆడిటరు ఒకసారి నా చెవి దగ్గరికి వంగి, "మేస్త్రికి ముందే చెప్పి ఉంచితే బాగుండేదమ్మా," అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చూపించడానికి ముందు చెప్పడమెందుకు అని ఆయన్ని కసిరాను.

గేటు ఎదురుగా టీకొట్టు దగ్గర జీపు ఆగింది. నాలుగయింది. మనుషులు రావడం మొదలైంది. ఎవరెవరి మనుషులో, గుంపులు గుంపులుగా. నేను ఖాకీ రంగు కోసం వెతుకుతున్నాను. ఎక్కడా కనపడలేదు. నాలుగుంపావుకి మా మేస్త్రి బయటికొచ్చాడు. చిరిగిన బనీను, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన లుంగీ. వెనకే ఒకరు, ఇద్దరు, ఆరుగురు. అందరూ నిలువునా నల్లగా, అందరూ లుంగీలతో. పదిహేను మందినీ లెక్కపెట్టాను. ఒక్కరి ఒంటి మీదా బాయిలర్ సూటు లేదు.

నన్ను చూసి మేస్త్రి పరుగున వచ్చాడు. "అమ్మా! మీరేటి ఇక్కడ? బాబుగోరికి బానే ఉంది కదా?"

నేను నోరు తెరిచేలోపే ఆఫీసరు అడిగాడు. "ఈవిడ మీకు బట్టలిచ్చారా?"

"ఇచ్చినారు బాబూ! ఈళ్ళకి బొట్టెట్టి, నాకు పళ్ళెట్టి మరీ ఇచ్చినారు. ఏ కంట్రాక్టరిత్తాడు బాబూ అలాగ?"

"మరి ఏవి?"

"ఇంటికాడ పెట్లో ఉన్నాయి బాబూ."

"వేసుకోరా?"

మేస్త్రి ఆయన్ని వింతగా చూశాడు. వెనక నుంచి జాలరిపేట పెద్దాయన ముందుకొచ్చాడు. మా వాళ్ళందరిలోకీ వయసులో పెద్ద. "అమ్మ పెట్టిన బట్టలు ఆ బొగ్గులోకేసుకెల్తామేటి బాబూ? కళ్ళు పోవూ!" అన్నాడు.

ఇక మిగతా వాళ్ళు అందుకున్నారు. ఒకడు, "నాను మా మేనకోడలి పెళ్ళికేసుకున్నాను," అన్నాడు. ఇంకొకడు మడత కూడా విప్పలేదట. మేస్త్రి నవ్వుతూ, "నానైతే క్రిస్మస్‌కి సర్చికేసుకెల్లాను సార్. పాస్టరుగోరు సూసి, ఏటి మిలిట్రీలో సేరినావా అన్నారు," అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నా గొప్ప చెబుతున్నామనుకుని ఒకరి మీద ఒకరు పోటీ పడి చెప్పారు. ఒక్కో మాటకీ నా టెండరు చేజారిపోతోంది. నోరు ముయ్యండర్రా అని అరవాలనిపించింది.

అప్పుడు పెద్దాయన లుంగీ వైపు చూశాను. తడిసి, బురదై, అంచు పాదాల దగ్గర పీలికలై వేలాడుతోంది. టెండరు సంగతి మర్చిపోయాను. ఏడాది పొడుగునా పదిహేను మంది ఈ లుంగీలతోనే ఆ నిచ్చెన దిగారు, ఎక్కారు. ఎవరూ పడకపోవడం నా గొప్ప కాదు. నేను ఇంట్లో కూర్చుని, బట్టలు పెట్టాను కదా అని హాయిగా ఉన్నాను.

తిరుగు దారిలో ఆఫీసరు ముందు సీట్లోంచి నా వైపు తిరిగాడు. మెల్లగా అన్నాడు. "మీ మనుషులు అబద్ధం చెప్పలేదమ్మా. బట్టలు నిజంగానే పెట్టారు. అందుకని దొంగలెక్క అనను, జరిమానా వెయ్యను. కానీ పనికి వాడని బట్టల్ని పని ఖర్చు కింద ఎలా ఒప్పుకోను?"

ఆయన చెప్పింది సబబే.

ఇంటికెళ్ళి జరిగిందంతా మా ఆయనకి చెప్పాను. పన్నెంత పడుతుందని అడగలేదు. "లుంగీలేనా?" అని మాత్రం అడిగాడు. ఔనన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం కూడా తినలేదు.

మర్నాడు ఆడిటరు లెక్క కట్టిన పన్ను బ్యాంకులో కట్టేశాం. గడువు రోజు మధ్యాహ్నానికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆటోలో పడి, చివరి అరగంటలో టెండరు వేశాను. కాంట్రాక్టు మళ్ళీ మాకే వచ్చింది. ఆ సంతోషం నాకు పూటైనా నిలవలేదు. గేటు దగ్గర చూసిన లుంగీలే కళ్ళ ముందు ఆడుతున్నాయి.

మనుషుల్ని పిలిచి చెప్పాను. బతిమాలాను, తిట్టాను. అలాగేనమ్మా అన్నారు. రెండ్రోజులు వేసుకున్నారు, మూడో రోజు ఉతికి పెట్లో పెట్టేసి లుంగీలతో వచ్చారు. పసుపు తగిలిన బట్టని బొగ్గులో పొర్లించడానికి వాళ్ళకి మనసు ఒప్పలేదు. నేనే వాళ్ళని అలా చేశాను.

దాంతో మళ్ళీ పదిహేను కుట్టించాను. ఈసారి మేస్త్రి చేత బస్తాడు బొగ్గు పొడి తెప్పించి, పెరట్లో పాత దుప్పటి పరిచి, ఆ కొత్తబట్టలన్నీ వరసగా పేర్చాను. రెండు చేతులా పొడి తీసి మెడ దగ్గర, మోచేతుల దగ్గర, రొమ్ము మీద అద్దాను. అద్దుతూ ఏడ్చాను. మంచం పక్క కిటికీలోంచి మా ఆయన చూస్తూనే ఉన్నాడు.

మనుషులొచ్చారు. వరండాలో కూర్చోబోతుంటే, వద్దు, నిలబడండి అన్నాను. ఒక్కొక్కరి చేతిలో ఒక్కోటి పడేశాను. ఆకు లేదు, వక్క లేదు, పండు లేదు. మేస్త్రి తల దించుకుని తీసుకున్నాడు. పెద్దాయన మాత్రం ఆ బట్టని రెండు చేతులతో పట్టుకుని, మసి మరకల్ని చూసి, నా మొహం చూశాడు.

"మామేటి తప్పు సేసినామమ్మా?" అన్నాడు. "మైల బట్టలిత్తన్నారు."

తప్పు మీది కాదు, నాది అని చెప్పాలి. చెబితే మళ్ళీ అమ్మనైపోతాను, వీటినీ తీసుకెళ్ళి దాచుకుంటారు. అందుకని మొహం గట్టి చేసుకున్నాను. "రేపట్నుంచి ఇది ఒంటి మీద లేనివాడు ఓడెక్కక్కర్లేదు. జీతం లేదు," అన్నాను. ఆ సాయంత్రం పుస్తకంలో 'యూనిఫారం, పదిహేను' అని రాశాను. ఆ పద్దు గురించి తర్వాత ఏ ఆఫీసరూ నన్ను పిలవలేదు.

మర్నాడు నాలుగింటికి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పదిహేను మందీ బాయిలర్ సూట్లతోనే బయటికొచ్చారు. ఎవరూ నా దగ్గరికి పరుగున రాలేదు. పెద్దాయన ఒక్కడే నా ముందు ఆగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏసుకున్నాం మేడం," అని వెళ్ళిపోయాడు.