తాతయ్య ఫియట్ ఎటు చూస్తోంది?

సాంబమూర్తి స్టీరింగు పట్టుకున్నాడంటే బందరు కాలువ కూడా వంకర మానుకుని ఆయనకు దారి ఇస్తుంది. చల్లపల్లి నుంచి బెజవాడ దాకా అంత తిన్నగా బండి నడిపిన మగాడు ఇంతవరకు పుట్టలేదు, ఇక పుట్టడు. ఈ మాట రాస్తున్నది ఆయన మనవరాలు, ఇంటర్ రెండుసార్లు తప్పిన సాయిశ్రీ కాబట్టి ఎవరూ రుజువులు అడక్కూడదు.

అంతటి సాంబమూర్తికి ఈ మధ్య తన మీద తనకే అనుమానం వచ్చింది.

ఆయన మగ్గం నేసిన మనిషి. తరవాత చీరలు ఊరూరా తిప్పి అమ్మడానికి పాత ఫియట్ కారు కొన్నాడు. వ్యాపారం మానినా కారు మానలేదు. ఎండాకాలంలో పెద్ద మనవడు దేవేంద్ర దాన్ని బెజవాడ పటమటలో షెడ్డుకి తీసుకెళ్లి, వెనక ఇరుసును మోసే కమాను పట్టీలు మార్పించి, నేలను రాసుకునేంత కిందికి దింపించి తెచ్చాడు.

"చూడు తాతా, లుక్కే మారిపోయింది!"

లుక్కుతో పాటు నడక కూడా మారింది. కారు ఒక వైపు చూస్తూ ఇంకో వైపు పోవడం మొదలుపెట్టింది. తిన్నగా పోవాలంటే స్టీరింగును కాస్త ఎడమకు తిప్పి బిగబట్టాలి. వెనక వచ్చేవాళ్లకు పీత నడుస్తున్నట్టు కనిపించేది. అలా వెనక వచ్చినవాళ్లలో బ్యాంకు ఉద్యోగం చేసే కొడుకు ఉమామహేశ్ కూడా ఉన్నాడు.

"నాన్నా, నీకు చూపు ఆనట్లేదు. తాళాలిచ్చెయ్."

"వంకర కారుదిరా, నాది కాదు!"

"కంప్యూటర్ మీద అలైన్‌మెంటు చూపించాం కదా? చక్రాలు తిన్నగానే ఉన్నాయన్నారు. ఆదివారం నేనే పక్కన కూర్చుంటా. అప్పుడూ ఇట్టాగే నడిపితే ఇంక ముట్టుకోవద్దు."

కంప్యూటర్ చూసింది ముందు చక్రాలనే. వెనకవాటి సంగతి ఎవరికీ తట్టలేదు. సాంబమూర్తి మాత్రం హాల్లో టైల్స్ మధ్య గీత మీద నడిచి చూసుకోసాగాడు.

"ఏమండీ, ఇంట్లో ఆ నడకేంటి?" అంది ఆయన భార్య భద్రమ్మ.

"తిన్నగా పోతున్నానా?"

"వంటింటికైతే తిన్నగానే వస్తారు!"

చివరికి ఆయన తనకు తెలిసిన పని చేశాడు. నూలుదారం తెచ్చి, మగ్గం మీద పడుగు పోగులు సరిచూసినట్టు, ముందు చక్రం నుంచి వెనక చక్రం మీదుగా రెండు వైపులా బిగించి కట్టాడు. ముందు చక్రాలకు దారం ఆనింది. వెనకవాటికి ఆనలేదు. అటూ సందే, ఇటూ సందే. ఇరుసు ఎటో ఒక వైపు జరిగితే ఒక వైపే కదా సందు రావాలి? అంచులు రెండూ లోపలికి పోయాయంటే నేతగాడికి తోచే కారణం ఒకటే.

"ఓసేయ్ సాయీ, ఇరుసుకి పన్నా, అదే వెడల్పు, తగ్గిందే! ఉతికిన చీర ముడుచుకున్నట్టు!"

"వానలో తడిసిందిగా తాతా. ఇస్త్రీ చేయిద్దామా?"

మెకానిక్ లక్ష్మీకాంత్‌కు కూడా ఆయన ఇదే చెప్పాడు. అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఫియట్‌కి వెనక చక్రాలు కాస్త లోపలికే ఉంటాయండీ. కంపెనీ నుంచే అంత."

సాంబమూర్తి ముఖం వాడిపోయింది. "అయితే కారు బాగానే ఉందా? మరి నేనేనా?"

లక్ష్మీకాంత్ నవ్వు ఆపి కారు దగ్గరికి వచ్చాడు. టేపు తీసి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెండు వైపులా కొలిచాడు. కుడివైపు తక్కువ వచ్చింది. తప్పు కొలిచానేమోనని మళ్లీ కొలిచాడు. అప్పుడు కారు కిందికి దూరాడు. పటమటలో పట్టీలు బిగించినవాళ్లు ఇరుసును దాని గుంటలో కూర్చోబెట్టలేదు. కుడి కొస ముందుకు జరిగి, ఇరుసు మొత్తం ఏటవాలుగా ఉండిపోయింది. బోల్టులు వదులు చేసి, ఇరుసును గుంటలోకి దించి, మళ్లీ బిగించాడు.

ఆదివారం ఉమామహేశ్ పక్కన కూర్చున్నాడు. సాయిశ్రీ వెనక సీట్లో కూర్చుంది. కాలువ గట్టు రోడ్డెక్కగానే కారు ఎడమకు, నీళ్ల వైపు జరగసాగింది.

"నాన్నా!"

సాంబమూర్తి బ్రేకు తొక్కాడు. ఇరుసు సరైపోయింది, టేపు పెట్టి తనే చూశాడు. మరి ఇదేంటి?

"ఇంక చాలు, దిగు నాన్నా."

"ఒక్క నిమిషం ఆగరా."

నెమ్మదిగా కదిలించి, స్టీరింగు మీంచి చేతులు కాస్త పైకెత్తాడు. కారు బుద్ధిగా, తిన్నగా పోయింది. చేతులు ఆనించగానే ఎడమకు లాగింది. అప్పటికి అర్థమైంది: ఇన్నాళ్లూ ఎడమకు బిగబట్టిన చేతులు అలవాటు మానలేదు. ఈసారి పట్టు వదిలి, వేళ్లతో తాకీ తాకనట్టు పట్టుకున్నాడు. ఊరు వచ్చేసరికి రోడ్డు మధ్య తెల్లగీత, కారు పక్కపక్కనే పోతున్నాయి.

ఉమామహేశ్ సీటు వెనక్కి వాలాడు. "రేపు బందర్లో పనుంది. దింపుతావా నాన్నా?"

"పొద్దున్నే తెమలాలి మరి."

సాయిశ్రీ ఉండబట్టలేక ముందుకు వంగింది. "కారుకి అయింది, చేతులకీ అయింది. ఇంక నీకెప్పుడు చేయిద్దాం తాతా, అలైన్‌మెంటు?"

సాంబమూర్తి కారు పక్కకు ఆపాడు.

"దిగు. నడిచి రా."