కొమ్ము విరిచి చూడని గ్రేడ్

2024 మార్చి, ఆర్మూర్ పసుపు యార్డు. అమ్మకానికి వచ్చిన పసుపు నాణ్యతను నిర్ణయించే గ్రేడర్‌గా అది నా పద్దెనిమిదో సీజను. ఒక రోజు ఉదయం పదకొండు గంటలకల్లా పద్నాలుగు కుప్పలకు గ్రేడ్ వేసి సంతకం చేసినట్లు నా డైరీలో ఉంది.

గ్రేడ్ తేల్చడానికి మేము వాడే ఫోన్ యాప్‌ను తయారు చేసిన కంపెనీలో మొదట ఆరుగురే ఉండేవారు. వారిలో ఇద్దరు ఇంజనీర్లు నాలుగు రోజులు మా యార్డులోనే కూర్చున్నారు. బాగా ఎండిన కొమ్మును విరిస్తే లోహం మోగినట్లు ‘టక్’మంటుంది, తడి ఉంటే వంగి, మెత్తగా తెగుతుంది. హమాలీలు చెవితో చేసే ఈ పరీక్షను వారు యాప్‌లోకి ఎక్కించి ‘సౌండ్ టెస్ట్’ అని పేరు పెట్టారు. ఫోన్ దగ్గర కొమ్ము విరిస్తే చాలు, ఎంత ఎండిందో చెప్పేది. నాకు తెలిసి అటువంటి ఆలోచన మరే కంపెనీకీ రాలేదు. తరువాత ఆ కంపెనీ అనేక రాష్ట్రాలకు, ఇరవైకి పైగా పంటలకు విస్తరించింది. ఆ సీజనులో వచ్చిన కొత్త వెర్షన్‌లో కొమ్ముల ఫొటో చూసి గ్రేడ్ చెప్పే పరీక్ష ఒక్కటే మిగిలింది.

పదిహేనో కుప్ప బాల్కొండ రైతు లక్ష్మిది. కొమ్ములను డ్రమ్ములో తిప్పి మెరిపించడాన్ని పాలిష్ అంటాము, ఆమె చేయించలేదు. ఫొటో చూసిన యాప్ మూడో గ్రేడ్ ఇచ్చింది. మరో గంటలో వేలం. ఆ గ్రేడ్‌తో వెళితే ఆమె ఏడాది పంట అడుగు ధరకు పోతుంది.

“గీ ఫోన్‌కు కండ్లే ఉన్నయా సారూ, చెవుల్లేవా? మేకప్ ఏసుకున్నోళ్లకే మార్కులేస్తదా?” అంది లక్ష్మి.

హమాలీలు పకపకా నవ్వారు. నేను కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

“అన్ని పంటలకూ ఒకటే ఫారం సార్. టమాటాకు చప్పుడుండదు కదా, అందుకే సౌండ్ తీసేశారు,” అంది అవతలి అమ్మాయి.

“నువ్వు పసుపు కొమ్ము ఎన్నడన్న ఇరిచినవా బిడ్డా?” అని అడిగింది లక్ష్మి.

“లేదండీ. ప్యాకెట్ కత్తిరించడమే తెలుసు.”

“అయితే ఇను.” లక్ష్మి తన కొమ్మును విరిచింది. టక్! తరువాత, యాప్ మొదటి గ్రేడ్ ఇచ్చిన పక్క కుప్ప నుంచి మెరుస్తున్న కొమ్మొకటి తీసి విరిచింది.

“హలో, లైన్ కట్ అయిందా అండీ?”

“లైన్ మంచిగనే ఉంది. నువ్వు ఇన్నది ఫస్ట్ గ్రేడ్!”

అమ్మాయి కూడా నవ్వాపుకోలేకపోయింది. ఆ సందడికి వచ్చిన ఖరీదుదారు ఒకాయన లక్ష్మి కుప్పలో నాలుగు కొమ్ములు విరిచి నన్ను చూశాడు. “గిది మూడో గ్రేడా? మీరు ఇరిచి చూసిన్రా సారూ?”

చూడలేదు. యాప్ గ్రేడ్‌ను మార్చే ‘రీచెక్’ అధికారం గ్రేడర్‌కు ఎప్పుడూ ఉంది. ఇరవై కొమ్ములు విరిచాను, పంతొమ్మిది మోగాయి. మొదటి గ్రేడ్ వేశాను. లక్ష్మి కుప్పకు ఆ రోజు యార్డులో రెండో అత్యధిక ధర పలికింది. వేలం మొదలయ్యేలోగానే నేను మిగతా పద్నాలుగు కుప్పల దగ్గరికీ తిరిగి వెళ్లి, మూడింటి గ్రేడ్ దిద్దాను.

నెల తిరగకముందే సౌండ్ టెస్ట్ యాప్‌లోకి తిరిగి వచ్చింది. ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి కూడా యార్డుకు వచ్చి, చేతులు పచ్చగా చేసుకుని వెళ్లింది.

పెద్దదైన కంపెనీ తన సొంత ఆలోచనను పోగొట్టుకుంటుందని వేలం జరిగిన రోజు సాయంత్రం డైరీలో రాశాను. మళ్లీ చదివితే లెక్క సరిపోలేదు. ఆరుగురున్నప్పుడు కొమ్ము విరిచారు, వందలమంది అయ్యాక మానేశారు, అంతవరకు నిజమే. కానీ నేను ఒక్కడినే, పెరిగిందీ లేదు, యార్డు దాటిందీ లేదు. అయినా ఆ ఉదయం పద్నాలుగు సంతకాలు చేసి ఒక్క కొమ్మూ విరవలేదు. ఆ వాక్యం కింద దీన్ని కూడా రాసి, అప్పుడు డైరీ మూశాను.