క్వారీ గుంతకు కావలి

మా ఇంటి ఓనరు తాతగారు పోయారు. గురువారం పొద్దున ఆఫీసుకు ఫోనొచ్చింది. ఎస్టీడీ బూతు నుంచి ఆయన భార్య, అవ్వ. "బిడ్డా, తాత ఇగ లేడు. చాయ్ ఇచ్చిన, తాగలే" అంది. అంతే, పెట్టేసింది.

తణుకు నుంచి ఉద్యోగానికి వచ్చిన నాకు ఖాజాగూడలో వాళ్ల ముందు గది కిరాయికి దొరికింది. హైటెక్ సిటీలో ఆ గుండ్రటి భవనం అప్పుడే తెరిచారు. చుట్టూ ఎక్కడ చూసినా కట్టడాలు, కూలీల గుడిసెలు. గుడిసెల దగ్గర నీళ్లుండేవి కావు. స్నానానికైనా, బట్టలుతకడానికైనా ఊరవతల పాత క్వారీ గుంతకే వెళ్లేవారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు.

తాతగారు వయసంతా రాళ్లు కొట్టిన మనిషి. ఆ గుంత తవ్వినవాళ్లలో ఆయనొకరు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరి పని మానేశాక, మధ్యాహ్నం అన్నం తినగానే గాలి నింపిన లారీ ట్యూబు భుజాన వేసుకుని, పొడుగాటి మోకుతాడు పట్టుకుని అక్కడికి వెళ్లి పొద్దువాలేదాకా కూర్చునేవారు. ఒకసారి ఒక మేస్త్రీ నవ్వుతూ అడిగాడు: "నిన్నెవరు పెట్టిన్రు కావలి?"

"నేనే పెట్టుకున్న. నేను తవ్విన గుంతల మనుషులు పోతుంటే నాకు బువ్వ ఎట్ల దిగుతది?"

ఆదివారాలు నేనూ వెంట వెళ్లేదాన్ని. అక్కడ పిట్ట కూత కూడా వినపడదు. మూడు వైపులా నిట్టనిలువు బండ, మధ్యలో కదలని పచ్చటి నీళ్లు. ఒడ్డున బట్టలుండి మనిషి కనపడకపోతే ఆయన లేచి, "ఎవరన్న ఉన్నరా?" అని కేకేసేవారు. బండ "ఉన్నరా" అని తిప్పి పలికేది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా చెవి ఒగ్గి వినేవారు.

"ఎవరిని పిలుస్తున్నారు తాతగారూ?" అని అడిగితే, "బతికున్నోళ్లనే బిడ్డా" అనేవారు.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం మేం వెళ్లేసరికి ఒడ్డున ఉతికిన చీర, సబ్బు ఉన్నాయి. మనిషి లేదు, గాజుల చప్పుడైనా లేదు. తాతగారు కేకేశారు. "ఉన్నరా" అంది బండ. మేమిద్దరం విన్నాం. అంతా సద్దుమణిగాక, ఇంకో గొంతు, ఆడగొంతు, మెల్లగా పలికింది:

"ఉన్న."

నేను చుట్టూ చూశాను, ఎవరూ కనపడలేదు. తాతగారు మాత్రం ఎడమవైపు బండ కిందకే చూస్తున్నారు. "ఆడ నీళ్ల కింద మేం కొట్టిన మెట్టుంది, దాని మీద నిలబడ్డదేమో" అంటూ మోకు ఒక కొసను రాయికి, రెండో కొసను ట్యూబుకు కట్టి, నడిమి తాడు నా చేతికిచ్చి, ట్యూబుతో నీళ్లలోకి దిగిపోయారు. ఆ దగ్గుతో, ఆ వయసులో. బండ చాటుకు వెళ్లాక నాకు కనపడలేదు. మోకు మాత్రం నా చేతుల్లోంచి జారుతూ పోయింది. ఎంతసేపని చెప్పను? చివరికి "గుంజు!" అని వినపడింది. అరచేతులు చీరుకుపోయేలా గుంజాను.

పాలమూరు నుంచి వచ్చిన కూలీ ఆమె. తేరుకున్నాక, "నువ్వు పలకబట్టి బతికావమ్మా" అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"నేను పలకలే అక్కా. ముక్కుదాకా నీళ్లే. నోరు తెరిస్తే సచ్చిపోతుంటి."

నేను తాతగారి వైపు చూశాను. ఆయన వణుకుతూనే లేచి నీళ్లకు దండం పెట్టారు. "ఎవరో చెప్పిన్రు. చెప్పినోళ్లకు దండం" అన్నారు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజుతో దగ్గు ముదిరింది. నీళ్ల దగ్గరికి వెళ్లొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. రెండు రోజులు ఆగి మూడోనాడు వెళ్లారు. "జర కూసుంటే చాలు బిడ్డా. మనిషి కనపడితే మనిషికి ధైర్యం" అన్నారు. నేను చదివిన చదువులో ఎక్కడా లేని మాట అది.

నిన్న ఆదివారం. అవ్వ ట్యూబు తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. వెళ్లాను. అక్కడ అప్పటికే ముగ్గురు ఆడవాళ్లున్నారు, పాలమూరు ఆమె, ఇంకో ఇద్దరు. స్నానానికి రాలేదు. ఒడ్డు పొడవునా దూరం దూరంగా నిలబడి నీళ్లను చూస్తున్నారు. తాతగారు కూర్చునే చోటు ఖాళీగా ఉంటే వెళ్లి నిలబడ్డాను. గాలి లేదు. గుంత నడిమధ్య నుంచి ఒక అల లేచి, మెల్లగా మా నలుగురి పాదాల దాకా వచ్చింది. మాలో ఎవరూ వెనక్కి జరగలేదు.