గుట్ట నా బిడ్డను మింగలేదు

బుడ్డీ! పొద్దెక్కింది లేవవే, ఆదివారం ఇయ్యాల.

ఇట్లా పిలవడం నా నోటికి అలవాటు. ఇప్పటికీ పిలుస్తున్నాను. నా బిడ్డ పోయిందన్న వార్త మీ అందరికీ చేరింది. ఎట్లా పోయిందన్నది మాత్రం తప్పుగా చేరింది. గుట్ట గాలి సోకిందట, చెట్లల్ల తిరిగే ఆడపిల్లను గుట్ట మింగిందట. కాదు. నా బిడ్డ కామెర్లతో పోయింది. ఎండాకాలం నీళ్లు చెడిపోయి వచ్చిన జబ్బని దవాఖానలో డాక్టరమ్మ నా ముఖం మీదే చెప్పింది. మా వాడకట్టులో ఇంకొందరికి కూడా వచ్చింది. వాళ్లు ఏనాడూ గుట్ట ముఖం చూసినవాళ్లు కాదు. మరి వాళ్లను ఏ గుట్ట పట్టింది?

మా ఆయన జంపఖానాలు నేస్తాడు, నేను నూలు కండెలు చుడతాను. చదివింది నాలుగో తరగతి. రాయడం నా పని కాదు. కానీ అబద్ధం ఊరంతా తిరుగుతుంటే నిజం ఇంట్లో కూర్చోకూడదు కదా.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు బిడ్డ హన్మకొండలో డిగ్రీలో చేరింది. అక్కడ చెట్ల పాఠం చెప్పే సారు, ఆయన దగ్గర చదివే పిల్లలు కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రతి ఆదివారం హసన్‌పర్తి అవతల ఒక చిన్న గుట్టకు పోయేవాళ్లు. మొదటిసారి పోయే రోజు అడిగాను.

"ఏం జేత్తరే గుట్ట మీద?"

"సర్కారు తుమ్మ తీత్తం అమ్మా."

"తీసి?"

"ఊకుంటం."

"ఊకునుడు ఇంట్ల కూసోని చేత్తే కాదా?"

అది పడీపడీ నవ్వింది. తర్వాత పక్కన కూర్చుని చెప్పింది. ఆ గుట్ట మీద ఒకప్పుడు తంగేడు, రేల, మోదుగ, సీతాఫలం ఉండేవట. బయటినుంచి వచ్చిన సర్కారు తుమ్మ అంతా కమ్ముకుని, కింద గడ్డిని కూడా లేవనివ్వలేదట. పాత చెట్ల వేర్లు మట్టిలో ఇంకా బతికే ఉన్నాయట. "మొలిచేది అదే మొలుత్తది అమ్మా. అడ్డం తీసుడే మన పని" అనేది. ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. అప్పుడు ఒక చెవితో విన్నాను.

మొదటి ఏడు వాళ్లు చేసిన పని చెబితే మీరు నవ్వుతారు. గొడ్డళ్లు పట్టుకుని ఒక వాలు మొత్తం తుమ్మను నేల మట్టానికి నరికి, గెలిచి వచ్చినట్టు ఇంటికి వచ్చారు. వానలు పడగానే ఒక్కో మోడుకు గుత్తులు గుత్తులుగా కొమ్మలు లేచాయి. అక్కడ మేకలు కాసే ముసలవ్వ సారును నిలబెట్టి అడిగిందట. "ఓ సారూ, గుట్టకు గుండయితె మంచిగ కొట్టిచ్చిన్రు. ఎంటికలు మల్ల మొలవయా?" ఆ మాట ఇంటికి తెచ్చి అందరికంటే ఎక్కువ నవ్వింది నా బిడ్డే. మరుసటి వారం మా ఆయన్ను అడిగి గడ్డపార తీసుకుపోయింది. ఇక నుంచి వేరుతో సహా పెకిలించాలని సంఘం తీర్మానం చేసుకుంది.

అప్పుడు ఆ ఊరి ఆడవాళ్లు అడ్డం వచ్చారు. వాళ్ల పొయ్యిలోకి కట్టె ఆ తుమ్మే. "మా పొయ్యిల మన్ను పోయనీకి వచ్చినవా పిల్లా?" అని మీదికి వచ్చారట. నా బిడ్డ ఏమన్నదో తెలుసా? "కట్టె మీదే పెద్దమ్మా. మేమేం జేసుకుంటం? కానీ వేరుతోని గుంజుకపోతెనే మీది. మొద్దు భూమిల ఇడిసిపోతె కట్టె ముట్టద్దు." వేరు మొద్దు కొమ్మకంటే ఎక్కువసేపు కాలుతుంది. వాళ్లకు తెలియనిది కాదు. కొన్నాళ్లకు సంఘం పిల్లలకంటే ఆ ఆడవాళ్లే ఎక్కువ తవ్వారు. మేకల అవ్వ కూడా తవ్విన వాలు వైపు మేకలను రానివ్వలేదు.

ఆదివారం సాయంత్రం బిడ్డ ఇంటికి వచ్చి గడపలో కూర్చుని పిన్నీసుతో ముళ్లు తీసుకునేది. "మొక్క నాటినోనికి ఫొటో, తుమ్మ తవ్వినోనికి ముల్లు" అని పాట లాగా పాడేది. వాళ్ల మేనత్త, అంటే మా ఆడబిడ్డ, ఒకసారి చూసి ఊరుకోలేకపోయింది.

"పెండ్లీడు పిల్లవు, ఎండల తిరిగి బొగ్గయితానవ్. ఎవడు చేసుకుంటడే నిన్ను?"

"గుట్టెక్కెటోడు చేసుకుంటడత్తా. ఎక్కలేనోడు నాకెందుకు?"

ఒక్క విషయంలో మాత్రం నన్ను ఏడిపించింది. తిండి. అన్నం పెట్టి పిలిస్తే "వత్తాన" అనేది, అన్నం చల్లారేది. జొన్నరొట్టెలు, ఉల్లికారం కట్టిస్తే గుట్ట మీద అందరికీ పంచి ఖాళీ టిఫిను తెచ్చేది. "మరి నువ్వేం తిన్నవే?" అంటే "అందరు తింటాంటె సూసిన" అనేది.

బిడ్డ పోయిన పదకొండో రోజు చెరువు దగ్గర పిట్టకు పెట్టాం. బిడ్డకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి కాకి కోసం ఎదురుచూశాం. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందంటారు. ఆ కోరిక తీరుస్తామని పైకి మాట ఇస్తే ముడుతుందంటారు. ఆ రోజు ఎంతసేపు చూసినా కాకి వాలలేదు. సంఘం పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ అక్కడే నిలబడి ఉన్నారు. మా ఆడబిడ్డ నా చెయ్యి పట్టుకుంది.

"వదినె, గుట్టకు ఇగ ఎవ్వరం పోమని చెప్పు. గా తుమ్మ జోలికి ఎవ్వరు పోరని చెప్పు. పిల్ల ఆత్మ నిమ్మలపడ్తది."

ఆ మాట నేను అంటే అక్కడున్న ఏ తల్లీ తన బిడ్డను మళ్లీ గుట్టకు పంపదు. ఒక్క వాలు అయింది, మిగతాదంతా ఇంకా తుమ్మే. వదిలేస్తే అయిన వాలును కూడా కమ్ముకుంటుంది. నా బిడ్డ చేతుల్లో దిగిన ముళ్లన్నీ వట్టివి అయిపోతాయి. నేను విస్తరి ముందర కూర్చుని అందరికీ వినపడేటట్టు అన్నాను.

"పోత. ఎవ్వలు పోకున్నా ఆదివారం నేను పోత."

కాకి అప్పుడూ రాలేదు. విస్తరికి చీమలు పట్టాయి. అందరూ నన్ను అదోలా చూశారు. చూస్తే చూడనీ. నా బిడ్డ బతికుండగా పిలవగానే అన్నానికి వచ్చిన రోజు ఒక్కటి లేదు. పోయినాక వస్తుందా?

ఆదివారం రొట్టెల టిఫిను పట్టుకుని, గడ్డపార భుజాన వేసుకుని బస్సెక్కాను. కండక్టరు "ఏడ పనికి పోతానవమ్మా?" అన్నాడు. "నా బిడ్డ పనికి" అన్నాను. గుట్ట కింద సారు ఒక్కడే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గడ్డపార అందుకోబోయాడు. ఇవ్వలేదు. కాసేపటికి కట్టెల ఆడవాళ్లు వచ్చారు. ఆ తర్వాత సంఘం పిల్లలు నలుగురైదుగురు వచ్చారు. ఇంట్లో చెప్పి వచ్చారో, చెప్పకుండా వచ్చారో నేను అడగలేదు.

తవ్విన వాలును నేను మొదటిసారి చూశాను. ఎవరూ నాటని తంగేడు నా మోకాలెత్తు పెరిగి ఉంది. మోదుగ కొత్త ఆకులు అరచేయంత ఉన్నాయి.

అక్కడే టిఫిను తెరిచాను. రొట్టె తినందే ఎవరినీ పార ముట్టనివ్వనన్నాను. పిల్లలు బండ మీద కూర్చుని, నేను చూస్తుండగా తిన్నారు. నేనూ తిన్నాను. ఒక రొట్టె మిగిలితే బండ మీదే పెట్టి తుమ్మ వేరు వెంట తవ్వుతూ పోయాను. వెనక రెక్కల చప్పుడు అయినట్టే అనిపించింది. తిరిగి చూడలేదు. వేరు సగమే తేలింది, ఇంకా చాలా లోతుకు ఉంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం పోతున్నాను. మీ పిల్లలను పంపుతారో పంపరో మీ ఇష్టం. పంపినా పంపకపోయినా, ఇది చదివిన మీరు అన్నం చల్లారనివ్వకుండా వేళకు కడుపునిండా తినండి.