తువ్వాలు కింద వైస్ ప్రెసిడెంటు

నల్లగుండ్లపల్లిలో సర్పంచిని ఇప్పటికీ ప్రెసిడెంటు అనే అంటారు. ప్రభుత్వం ఆ పేరు మార్చి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు, ఊరు మాత్రం మార్చుకోలేదు. ఆ లెక్కన ఉపసర్పంచి వైస్ ప్రెసిడెంటు అవుతాడు. నోటినిండా పలికే ఆ మాట మీద గొర్రెల దళారి నరసింహప్ప మనసు పారేసుకున్నాడు.

పారేసుకోడా మరి? తలకు రంగు వేయడం మానేసిన వయసు వచ్చినా, దళారి అనే మాట ఆయన పేరును వదల్లేదు. సంతలో ఆయన లేకుండా బేరం తెగదు. కానీ అమ్మినవాడు తక్కువకు అమ్మించాడని తిడతాడు, కొన్నవాడు ఎక్కువకు అంటగట్టాడని తిడతాడు. తర్వాత ఆ ఇద్దరూ కలిసి టీ తాగుతారు, ఈయన్ని పిలవరు. పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చిన పెద్దమనుషులు కూడా వీధిలో నిలబడి "దళారి నరసింహప్ప ఇల్లు ఇదేనామ్మా?" అని కేకేస్తారు. ఆ కేక విన్నప్పుడల్లా ఆయనకు ఒంటికి కారం రాసినట్టుండేది. పేరు ముందున్న ఆ ఒక్క మాట ఊడి, ఇంకో మంచి మాట వచ్చి కూర్చుంటే చాలు. అంతకు మించి ఆ పదవితో ఆయనకు పనేమీ లేదు. చాలామంది నాయకుల కంటే ఈయన కోరికే నిజాయితీగా ఉందని నాకు అనిపిస్తుంది.

మొన్నటి ఎన్నికల్లో మొదటిసారి వార్డు మెంబరయ్యాడు. అంతలో ఉపసర్పంచిగా ఉన్న తిప్పేష్ ఆ పదవికి రాజీనామా చేశాడు. పంచాయతీ చెక్కు మీద ప్రెసిడెంటు సంతకం పక్కన రెండో సంతకం ఉపసర్పంచిది. అందుకోసం తెల్లారేసరికి కాంట్రాక్టర్లు వాకిట్లో కూర్చుంటుంటే, పళ్లు తోముకోవడానికి కూడా తీరిక లేక, "నాకొద్దు సామీ ఈ పీడ, ఉత్త మెంబరుగానే ఉంటా" అని దండం పెట్టేశాడు. కొత్త ఉపసర్పంచిని మెంబర్లే ఎన్నుకోవాలని మండలం నుంచి నోటీసు వచ్చింది.

నోటీసు అంటించిన రోజే బస్టాండు టీకొట్టులో చర్చ మొదలైంది. పోటీకి దిగిన రెండోవాడు శ్రీరంగప్ప. నాలుగుసార్లు మెంబరుగా గెలిచినవాడు. ఇన్నేళ్లలో పంచాయతీ మీటింగుల్లో ఆయన నోట "నాదీ అదే మాట" అన్నది తప్ప ఇంకో మాట విన్నవాళ్లు లేరు. అయినా అనుభవం అనుభవమే కదా.

"ఏమప్పా నరసింహప్పా, వైస్ ప్రెసిడెంటంటే ఏమనుకుంటివి? గొర్రెపిల్లను సంకలో పెట్టుకోని వచ్చినట్లనా? నీకు రాజకీయ అనుభవం యాడుండాది?" అన్నాడు శ్రీరంగప్ప అందరి ముందూ.

టీకొట్టు మొత్తం నరసింహప్ప వైపు తిరిగింది. ఆయన గ్లాసు కింద పెట్టి, భుజం మీది తువ్వాలు దులిపి, మళ్లీ వేసుకున్నాడు.

"గొర్రె ఈపు నిమిరితే ఎంత మాంసం పడ్తాదో చెప్తా. మనిషి చెయ్యి పట్టుకుంటే మనసులో ఏముండాదో చెప్తా. ఇంతకంటే అనుభవం ఏం కావల్లన్నా?"

కొట్టులో నవ్వులు లేచాయి. అందులో అబద్ధం కూడా లేదు. గొర్రెల సంతలో ధర నోటితో చెప్పరు. దళారి తువ్వాలు కప్పి, దాని కింద చెయ్యి చాపుతాడు. అవతలివాడు అందులో చెయ్యి దూరుస్తాడు. ఏ వేలు పట్టుకుంటే ఎంత అన్నది వాళ్లిద్దరికే ఎరుక. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఒక్కడికీ అంతుపట్టదు. పిడికిలి మొత్తం బిగించి పట్టుకుంటే బేరం తెగినట్టు. ఆ తర్వాత ఆకాశం విరిగి మీద పడ్డా మాట తప్పకూడదు. తప్పినవాడు మళ్లీ ఆ సంతలో తోక కూడా అమ్ముకోలేడు.

ఈ విద్యనే నరసింహప్ప రాజకీయంలోకి దింపాడు. పైకి చూస్తే తెలివైన ఎత్తే. ఎవరు ఎవరికి మాటిచ్చారో బయటపడితే పంచాయతీలో పగలు రేగుతాయి. తువ్వాలు కింద ఇచ్చిన మాటకు సాక్షులుండరు, చాడీలుండవు.

ప్రెసిడెంటుతో కలిపి పదకొండు ఓట్లు. ఆరు వస్తే గెలుపు. నరసింహప్ప ముందు తిప్పేష్ చెయ్యి పట్టుకున్నాడు, తర్వాత తిప్పేష్ వియ్యంకుడి చెయ్యి. ఇద్దరూ బిగించారు. తన చెయ్యి తనకు ఎటూ ఉంది. శ్రీరంగప్ప కాక మిగిలిన మగ మెంబరు ఆయన బావమరిదే, అటు పోయి లాభం లేదు.

మిగతా ఆరుగురూ ఆడవాళ్లు. ప్రెసిడెంటు హేమావతితో సహా. సగం సీట్లు ఆడవాళ్లవని చట్టం చెప్పింది, గెలిచారు, కుర్చీల్లో కూర్చున్నారు. కానీ ఆడమనిషి చేతిని తువ్వాలు కింద పట్టుకునే ఆచారం ఏ సంతలో ఉంది? శివశివా! అనుకుంటేనే తప్పు. నరసింహప్పకు ఆ ఇబ్బంది ఒక్క క్షణం కూడా ఎదురవలేదు. ఎందుకంటే ఆయన నేరుగా వాళ్ల మొగుళ్ల దగ్గరికి వెళ్లాడు.

కదిరమ్మ మొగుడు జయరాం దగ్గరికైతే మూడుసార్లు పోయాడు. కదిరమ్మ మూడో వార్డు మెంబరు, మాట కటువు, మనసు మంచిది. మూడుసార్లూ ఆమే టీ పెట్టి ఇచ్చింది. గ్లాసు అందిస్తూ, ఏమైనా అంటాడేమోనని కాసేపు గడప దగ్గర నిలబడింది కూడా. నరసింహప్ప "చక్కెర సరిపోయింది తల్లీ" అన్నాడు. ఆమె లోపలికి వెళ్లాక అరుగు మీద తువ్వాలు పరిచాడు. జయరాం చెయ్యి దూర్చి పిడికిలి బిగించాడు. ప్రెసిడెంటు హేమావతి మొగుడూ బిగించాడు. మిగతా నలుగురూ బిగించారు. ఒకాయన అయితే వేళ్లు విరిగేటంత గట్టిగా బిగించాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి సంగటి ముందు కూర్చున్న నరసింహప్ప ముఖం వెలిగిపోతోంది.

"ఏమే, తొమ్మిది చేతులు వచ్చినాయి మనకు. శ్రీరంగప్పకు ఆయనది, ఆయన బామ్మర్దిదీ. అంతే."

భార్య హనుమంతమ్మ ఉపాధి పనికి పోయి వచ్చి, కాళ్లు కడుక్కుని, అప్పుడే పొయ్యి దించింది. "అట్లనా?" అంది, చెనక్కాయ చట్నీ ఇంకొంచెం వేస్తూ.

"అట్లనా ఏంది? రాజకీయమంటే ఇది. ఆ శ్రీరంగప్ప ఇరవై ఏండ్లు మీటింగుల్లో కూసోని బిస్కెట్లు తిన్నాడు. నేను వారం దినాల్లో ఊరు మొత్తం కట్టేసినా."

ఆమె చట్నీ గిన్నె మూత పెట్టింది. ఆయన రాజకీయం గురించి ఇంకా చాలా చెప్పాడు. ఆమె అన్నీ విన్నది. మర్నాడు ఆయన కళ్యాణదుర్గం పోయి, గట్టి కాలరుతో తెల్లచొక్కా కుట్టించుకుని వచ్చాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ చొక్కా వేసుకుని అద్దం ముందు నమస్కారం పెట్టడం కూడా సాధన చేశాడు. ఒక చేత్తో పెట్టాలా రెండు చేతులతోనా అన్నది తేల్చుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఎన్నిక రోజు మండలం నుంచి అధికారి వచ్చాడు. పంచాయతీ ఆఫీసులో పదకొండు కుర్చీలు వేశారు, కానీ లోపల అధికారి కాక పదిహేడు మంది ఉన్నారు. అలవాటు ప్రకారం మొగుళ్లు వచ్చి పెళ్లాల కుర్చీల్లో కూర్చుంటే, మెంబర్లు గోడవారగా నిలబడ్డారు.

అధికారి కొత్తవాడు. ముఖం చిట్లించి, "మెంబర్లు తప్ప అందరూ బయటికి నడవండి" అన్నాడు.

"నేను మెంబరు భర్తను సార్" అన్నాడు జయరాం.

"సంతోషం. బయట నీడలో కూర్చోండి."

మొగుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ బయటికి పోయారు. తలుపు మూశారు. వాళ్లు వెళ్లిన వైపు నరసింహప్ప ఒకసారి చూశాడు. లోపల ఏదో తేడాగా అనిపించింది గానీ, ఏమిటో వెంటనే తట్టలేదు.

పేర్లు చెప్పమన్నారు. బావమరిది శ్రీరంగప్ప పేరు చెప్పాడు. తిప్పేష్ నరసింహప్ప పేరు చెప్పాడు. "ఇంకెవరైనా?" అన్నాడు అధికారి, కాగితం మడవబోతూ.

"కదిరమ్మ" అంది ప్రెసిడెంటు హేమావతి.

శ్రీరంగప్ప కుర్చీలో ఎగిరిపడ్డాడు. నాలుగు పదవీకాలాల మౌనం ఆ దెబ్బకు వదిలింది. "ఆయమ్మకా? ఆయమ్మకేం అనుభవం ఉండాది సార్? ఏ పొద్దన్నా మీటింగులో నోరు తెరిచిందా?"

"తెరుద్దామంటే కుర్చీ యాడుండాదన్నా? అందులో మా ఆయన కూసోనుంటాడు" అంది కదిరమ్మ.

అధికారికి నవ్వొచ్చింది, దగ్గులో దాచుకున్నాడు. "రూల్సులో అనుభవం అని ఏమీ రాయలేదండీ. మెంబరైతే చాలు. చేతులెత్తడమే. శ్రీరంగప్ప గారికి ఎవరెవరు?"

రెండు చేతులు లేచాయి. ఒకటి శ్రీరంగప్పది, ఒకటి బావమరిదిది. నరసింహప్ప గుండె మీద చల్లని నీళ్లు చల్లినట్టయింది. లెక్క తప్పలేదు! మిగిలినవన్నీ తనవే. కొత్త చొక్కా చేతిని సవరించుకున్నాడు.

"నరసింహప్ప గారికి?"

తన చెయ్యి ఎత్తాడు. తిప్పేష్ ఎత్తాడు, వియ్యంకుడు ఎత్తాడు. నరసింహప్ప చెయ్యి దించకుండానే ఆడవాళ్ల వైపు తిరిగి, కనుబొమ్మలతో సైగ చేశాడు. ఎవరూ కదల్లేదు. అధికారి కాగితం మీద మూడు అని వేశాడు.

"కదిరమ్మ గారికి?"

ఆరు చేతులు ఒక్కసారి లేచాయి. ఆరు చేతుల గాజులూ మోచేతుల దాకా జారి గలగలమన్నాయి. బయట నీడలో బీడీ కాలుస్తున్న జయరాంకు ఆ చప్పుడు వినిపించింది, కానీ ఏమిటో తెలియలేదు. తాను వైస్ ప్రెసిడెంటు మొగుణ్ణయ్యానని ఆయనకు ఇంకో పావుగంటకు గానీ తెలియలేదు.

మీటింగు అయ్యాక నరసింహప్ప ఆఫీసు మెట్ల మీద కదిరమ్మను ఆపాడు.

"ఇది న్యాయమేనా తల్లీ? మీ ఆయన నాకు మాటిచ్చినాడు. తువ్వాలు కింద పిడికిలి బిగిచ్చినాడు. మీ ఆరుమంది మొగోళ్లూ ఇచ్చినారు!"

"ఇచ్చినోళ్లనే చెయ్యెత్తమను అన్నా" అంది కదిరమ్మ. అని, ఆయన ముఖం చూసి, ఆమె మనసు మెత్తబడింది. "నిజం చెప్తా విను. మేము ఆరుమందిమీ నీకే ఎత్తల్లని అనుకుంటిమి. గొర్రెలకు నీలినాలుక రోగం వచ్చినప్పుడు డాక్టర్ను నీ బండి మీద కూసోబెట్టుకోని వస్తివి. ఆ మేలు మర్చిపోతామా? నువ్వొచ్చి ఒక మాట అడుగుతావని చూస్తిమి. మా ఇంటికి మూడు తూర్లు వస్తివి. నేను గడపకాడ నిలబడుకోని చూస్తాంటే, చక్కెర బాగుండాది అంటివి."

నరసింహప్ప భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలిపాడు.

"చెయ్యి పట్టుకోవద్దులే, నోటితో అడిగింటే చాలు గదన్నా. మాకూ రోషముండదా?"

ఆమె వెళ్లిపోయింది. మెట్ల కింద కాంట్రాక్టరు ఒకడు అప్పుడే నమస్కారం పెడుతూ ఆమెకు ఎదురొచ్చాడు. పక్కనే ఉన్న నరసింహప్పను చూసి, "దళారన్నా, కొంచెం జరుగు" అన్నాడు.

ఆయన జరిగాడు. ఏడుపొచ్చినంత పనైంది. ఓడిపోయినందుకు కాదు. గెలుపు మూడుసార్లు గడప దాకా వచ్చి టీ ఇచ్చి పోతే, తాను కళ్లెత్తి చూడలేదు. ఆ బాధే ఆయన్ని కాల్చింది.

ఇంటికి వచ్చేసరికి హనుమంతమ్మ వాకిట్లో చేటలో చెనక్కాయలు చెరుగుతోంది. వార్త ఆయన కంటే ముందే ఇంటికి చేరిందని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆయన చొక్కా విప్పి దండెం మీద వేశాడు. బనీనుతో అరుగు మీద కూలబడి, జరిగిందంతా చెప్పాడు. కదిరమ్మ అన్న మాట కూడా దాచుకోకుండా చెప్పాడు.

"తెల్సు" అంది హనుమంతమ్మ.

"ఏం తెల్సు?"

"ఉపాధి పనికాడ అందరూ అదే మాట్లాడుకుంటాండ్రి. ఆయప్ప వచ్చి అడిగితే ఆయప్పకే, అడగకపోతే కదిరమ్మను నిలబెడ్తాం అని. నా ముందరే అనుకుంటిరి."

నరసింహప్ప అరుగు మీది నుంచి లేచి నిలబడ్డాడు. "ముందరే తెల్సి నాకు చెప్పలేదా? కట్టుకున్న మొగుడు కుర్చీ పోతాంటే నోరు మూసుకోని కూసున్యావా?"

చేట ఆగింది. "ఊర్లో అందరి చేతులూ పట్టుకోని వస్తివి. జయరాంను మూడు తూర్లు అడిగితివి. ఏమే, ఆడోళ్లు ఏమనుకుంటాండారు అని నన్ను ఒక్క తూరి అడిగితివా? నేను అట్లనా అంటే, రాజకీయమంటే ఇది అని నాకే పాఠం చెప్తివి."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. చేట మళ్లీ ఆడింది. పొట్టు గాలికి ఎగిరి ఆయన బనీను మీద పడుతుంటే దులుపుకోలేదు. చివరికి ఆమె వైపు తిరిగాడు.

"సరే. ఇప్పుడు అడుగుతాండా. నువ్వే మెంబరువైతే ఎవరికి ఎత్తుందువు చెయ్యి?"

హనుమంతమ్మ చేట పక్కన పెట్టి నిజంగానే ఆలోచించింది. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఆమె అభిప్రాయం అడగడం ఇదే మొదటిసారి, తొందరపడి పాడుచేయదలచుకోలేదు.

"అడిగితివి గాబట్టి చెప్తాండా" అంది. "కదిరమ్మకే."