ఫలితం పేజీ మీద తెలుగు అక్షరాలు

ఎల్బీనగర్‌లో రక్తపరీక్షలు, స్కానింగులు చేసే ఒక సెంటర్‌లో నేను కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. రోగుల కాగితాలు పరాయి కంపెనీల దగ్గర ఉండకూడదని మా యజమాని పట్టుదల. అందుకని మేడ మీద చిన్న గదిలో సొంత సర్వర్ పెట్టుకున్నాం. రిపోర్టు తయారవగానే అందులోకి ఎక్కిస్తే, దాని లింక్ రోగి ఫోన్‌కి మెసేజ్‌గా వెళ్లేది.

ఆ లింక్ నొక్కితే వచ్చే పేజీ మాత్రం ఘోరంగా ఉండేది. పైన లాగిన్ అడిగే పెట్టె, కింద పొడవాటి అంకెలే పేరుగా ఒక ఫైలు, డౌన్‌లోడ్ బటన్ ఏ మూలనో. అంతా ఇంగ్లీషు. పాస్‌వర్డ్ కావాలేమో అనుకుని చాలామంది వదిలేసేవారు. ఒకరోజు తుర్కయంజాల్ అవతలి ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ముసలాయన కౌంటర్ మీద ఫోన్ పెట్టి, "గిది తెరుసుకుంటలేదు సారూ, జర కాగితమియ్యుండ్రి" అన్నాడు. ఆ వారమే పేజీ మార్చడం మొదలుపెట్టాను.

లాగిన్ పెట్టె తీసేశాను. రోగి పేరు పెద్ద అక్షరాల్లో పెట్టాను. ఇంగ్లీషు రానివాళ్లకు కూడా తెలియాలని ఒక్కో పరీక్ష పేరుకూ ఇంగ్లీషు బదులు తెలుగు మాట వెతికి పెట్టాను. ఒక్కసారి తాకితే రిపోర్టు కళ్లముందుండేది. కౌంటర్ దగ్గర వరస తగ్గింది. నాకు ఆ పని మీద గర్వంగా ఉండేది. ఇంట్లో అందరికీ చూపించాను.

ఇల్లంటే కర్మన్‌ఘాట్‌లో మేం అద్దెకున్న మేడ మీది రెండు గదులు. కింద ఇంటివాళ్లు, నల్గొండ వైపు నుంచి వచ్చిన దంపతులు. పిల్లలు లేరు. ఆయన గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయిలు అమ్మేవాడు. మార్కెట్ తరలిపోయాక మానేశాడు. ఆమె వయసు మళ్లాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. రోడ్డు మీద నడుస్తుంటే దుకాణాల బోర్డులన్నీ పైకే చదివేది. మాది కృష్ణా జిల్లా. నేను "పిన్నిగారూ" అని పిలిస్తే, "గారు ఎందుకు బిడ్డా" అని నవ్వేది.

కడుపునొప్పి ఎంతకీ తగ్గకపోతే ఆమెను మా సెంటర్‌కి నేనే తీసుకెళ్లాను. కడుపులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆయన నన్ను బయటికి పిలిచి, "ఏమొచ్చినా ఆమెకు తెల్వొద్దు బిడ్డా. ముందుగాల నాకు చెప్పు" అన్నాడు. సరేనన్నాను. లోపల కౌంటర్‌లో నంబర్ అడిగితే ఆమె తన నంబరే ఇచ్చిందని మాత్రం గమనించలేదు.

తర్వాతి ఆదివారం ఆయన బజారుకు వెళ్లినప్పుడు ఆమె మెల్లగా మెట్లెక్కి వచ్చి మా గుమ్మంలో నిలబడింది. చేతిలో ఫోన్.

"నువ్వు చేసిన పేజీ గిదే గద బిడ్డా? అక్షరాలు మంచిగున్నయి. నా పేరు సదివిన. దాని కింద క్యాన్సర్ పరీక్ష ఫలితం అని ఉంది. అది గూడ సదివిన. ఇంగ్లీషుది నువ్వు చెప్పు."

ఫోన్ తీసుకుని రిపోర్టు కిందిదాకా చదివాను. అక్కడ ముందు ఉన్న బయాప్సీ అన్న ఇంగ్లీషు మాట ఆమెకు ఏమీ చెప్పేది కాదు. దాన్ని తీసి ఈ మాట పెట్టింది నేనే.

"బాబాయిగారిని రానివ్వండి. అందరం కలిసి డాక్టర్ దగ్గరికి..."

"గదంత ఎందుకు? ఉన్నదా, లేదా?"

"ఉంది పిన్నిగారూ."

ఆమె గడప మీద కూర్చుంది. ఫోన్ కొంగులో చుట్టుకుని, "నాకు తెల్సినట్టు ఆయనకు చెప్పకు. పరేషాన్ అయితడు" అంది.

సాయంత్రం ఆయనకు చెప్పాను. కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. భార్యకు మాత్రం కడుపులో పుండు అని చెప్పాడు. ఆమె తల ఊపింది.

మర్నాడు ఆఫీసులో పేజీ మళ్లీ మార్చాను. రిపోర్టు తెరుచుకునే ముందు ఒక ప్రశ్న పెట్టాను: ఇప్పుడే చూస్తారా, ఇంట్లోవాళ్లు పక్కన ఉన్నప్పుడు చూస్తారా? పరీక్ష పేరు కూడా ఆ ప్రశ్న తర్వాతే కనబడుతుంది. "తీసేసిన అడ్డాన్ని మళ్లీ పెట్టావేంటి?" అన్నాడు మేనేజర్. ఉండనివ్వమని బతిమాలాను.

దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఆటోలో ఆమెను దవాఖానకు తీసుకెళ్లడం నా వంతైంది. ఒకసారి వెయిటింగ్ హాల్లో ఇద్దరమే ఉన్నప్పుడు, మీకు అలా తెలియడం నా వల్లేనని అన్నాను.

"బోర్డులు సదివిన, రేషన్ కార్డు సదివిన. నా లోపల ఏమున్నదో సదివింది గదొక్కటే. తెల్వకుంటే గీ దినాలు ఊకెనే పోతుండె" అంది.

ఆ రోజులను ఆమె ఊరికే పోనివ్వలేదు. నడుము నొప్పని వంకపెట్టి, పొయ్యి దగ్గర స్టూలు మీద కూర్చుని, ఆయన చేత వండించింది. అప్పటిదాకా టీ కూడా పెట్టుకోని మనిషి పప్పు, పచ్చిపులుసు, జొన్నరొట్టె నేర్చుకున్నాడు. ఉప్పెక్కువైతే ఆమె తిట్టేది. మేడ మీదికి వినబడేది.

వానాకాలం మొదట్లో పోయింది.

పదో రోజు చుట్టాలు వెళ్లిపోయాక ఆయన అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆఖరిదాక ఆమెకు తెల్వనియ్యలే బిడ్డా. భయం లేకుంట పోయింది. నేను చేసింది గంతే."

"అవును బాబాయిగారూ" అన్నాను.

ఇంతవరకూ ఆయనకు చెప్పలేదు. చెప్పాలో వద్దో నాకు తేలడం లేదు. పొద్దున కింద నుంచి రొట్టె కాలుతున్న వాసన వస్తే, పేజీ మొదటిసారి మార్చినప్పుడే ఆ ప్రశ్న ఎందుకు పెట్టలేకపోయానా అనిపిస్తుంది.