కొళాయికి నాలుగు వందల పన్నెండు అడుగులు

ఎడిటర్ గారికి, చదివే పెద్దలకు నమస్కారం. నా చేతిరాత కోడి గీరినట్టు ఉంటుంది, తప్పులు కూడా ఉంటాయి. మన్నించాలి, ఐదో తరగతి వరకే చదివాను. పోయిన సోమవారం మా పక్కింటి మేస్త్రీ తాత చనిపోయారు. గనిలో మేస్త్రీగా పనిచేసి, మీ పేజీకి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసిన మనిషి. ఆయన గురించి రాసే పని మా కేజీఎఫ్ లైనులో అందరూ కలిసి నాకు వదిలారు.

గని పనివాళ్లకు కట్టిన ఇళ్ల వరుస మా లైను. టేకల్ దగ్గరి పల్లె నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, తాత పలకరిస్తే తలుపు వెనక నుంచి జవాబు చెప్పేదాన్ని. ఆయనా తలుపుతోనే మాట్లాడేవారు. "ఏమ్మా తలుపూ, బాగుండావా? నీ మొగుడు డ్యూటీకి పోయినాడా?"

నాకు ఏడో నెలలో మా లైను కొళాయి ఎండిపోయింది. పక్క లైను నుంచి మోసుకోవాలి. నడుము పట్టేసేది, ఒకసారి కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. పేపరుకు రాయమని తాతను అడిగాను.

"మోసేది నువ్వు, రాసేది నేనా? కాగితం తెచ్చుకో పో."

రాశాను. మా అమ్మకు రాసినట్టే రాశాను. 'ఇక్కడ మేమంతా క్షేమం. మీరు, మీ ఇంట్లోవాళ్లు క్షేమమని తలుస్తాను. నీళ్లు లేవు.'

తాత చదివి అద్దాలు నుదుటి మీదికి తోశారు. "అంతా క్షేమమని నువ్వే చెప్తివి. ఇంగ నీళ్ల ఇంజనీరుకేం పని అమ్మణ్ణీ?"

రెండోసారి మూడు పేజీలు రాశాను. పక్క లైనులో నా బిందెను తన్నిన ఆవిడ, ఆవిడ తమ్ముడు, మా ఆయన బద్ధకం, అన్నీ వచ్చాయి. "ఇది పేపరుకా, పోలీసు స్టేషన్‌కా?" అని అన్నీ కొట్టేశారు. గనిలో షిఫ్టు ముగించి పైకి రాగానే మేస్త్రీ రిపోర్టు పుస్తకంలో రాయాలట: యాడ, ఏమైంది, చూసిందెవరు. అంతే. "తిట్టు రాస్తే తిట్టే మిగుల్తాది. చూసింది రాయి."

'చాలా దూరం' అని రాస్తే అదీ కొట్టేశారు. "నీకు చాలా అయింది ఇంజనీరుకు కొంచెం. అడుగులు లెక్కపెట్టు." బిందెతో నేను ముందు, గొడుగుతో ఆయన వెనక. లైనంతా గుమ్మాల్లోకి వచ్చి నవ్వింది. నాలుగు వందల పన్నెండు.

చివర నా పేరు పెట్టమన్నారు. మా అత్తమ్మ అడ్డం పడింది. "ఇంటి కోడలి పేరు పేపర్లోనా? చూసినోళ్లు ఏమనుకుంటారు?"

"నీళ్లు లేవనుకుంటారు," అన్నారు తాత.

అచ్చయింది. పది రోజులైనా ఎవరూ రాలేదు. "ఇంజనీరుకు తెలుగు మాట్లాడను వస్తాది, చదవను రాదు. మనమే వినిపిస్తాం, పద," అని ఆఫీసుకు తీసుకెళ్లారు. తీరా అక్కడ జేబులు తడుముకుని, "అద్దాలు మరిచిపోయినాను, నువ్వే చదువమ్మా," అన్నారు. అద్దాలు ఆయన నుదుటి మీదే ఉన్నాయి. ఇంజనీరూ చూశాడు.

చదివాను.

"నాలుగు వందల పన్నెండా? ఎవురు లెక్కపెట్టింది?"

"నేనే సార్. అది ఖాళీ బిందెతో. నిండు బిందెతో నాలుగు వందల అరవై."

"అదెట్లా?"

"బరువుకు అడుగు చిన్నగా పడతాది సార్."

ఆయన నా వైపు చూసి, నవ్వు ఆపుకొని, ఫోను తీశాడు. మూడో రోజుకు పైపు మారింది. ఆ రోజు ఆఫీసు నుంచి తిరిగొచ్చే దారిలో తాత ఒక్కటే అన్నారు: "ఇంగ తలుపుతో మాట్లాడేది నా వల్ల కాదు."

ఎడిటర్ గారూ, ఇది అచ్చు వేయకపోతే కాల్చేయండి. పాత కాగితాల వాడికి మాత్రం వేయొద్దు. బోండాల పొట్లమై మా అత్తమ్మ చేతికే వస్తుంది.

తాత పోయిన సోమవారం మాకు నీళ్లొచ్చే రోజు. వరుస తప్పితే జుట్లు పట్టుకునేవాళ్లం మేము. ఆయనకు చివరి స్నానానికి నీళ్లు కావాలని నేను బిందెతో వెళ్లాను. వరుసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వంగి తమ బిందె పక్కకు జరిపారు. ఆ బిందెల మధ్య, కొళాయి దాకా, సన్నటి దారి పడింది.